లేని కొంగు

మీరు రోజూ చేసే పనుల్లో నిజంగా మీవి ఎన్ని, ఎవరినో చూసి చేస్తున్నవి ఎన్ని అని ఎప్పుడైనా మిమ్మల్ని మీరు నిలదీసి అడిగారా? అన్నం కలిపే తీరు, తుమ్మగానే నోటికొచ్చే మాట, కోపంలో తలుపు వేసే విసురు, వీటిలో ఒక్కటైనా మీరు సొంతంగా ఆలోచించి కనిపెట్టింది ఉందా? లేదని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ లేదు. వయసులో ఉన్నప్పుడు తెనాలి చుట్టుపక్కల సభలన్నిటిలో నిలబడి, ఎందుకు చేస్తున్నారో చెప్పలేని పనిని మానేయండని గొంతు చించుకున్నదాన్ని నేను. అలాంటిదాన్ని, 2019 అక్టోబరులో ఒక ఆదివారం, లండన్‌కు దగ్గర్లోని రీడింగు అనే ఊళ్ళో మా అక్క కొడుకు ఇంట్లో, పదకొండేళ్ళ పిల్ల ఎందుకు చేస్తోందో తనకే తెలియకుండా చేసిన ఒక చిన్న చేష్ట చూసి, తాగుతున్న టీ కప్పు కింద పెట్టేశాను.

ఆ పిల్ల అక్కకు మనవరాలు, నాకూ మనవరాలే. కేకు చేస్తానని పిండి గిన్నె ముందుకు లాక్కుంది. మొదలుపెట్టేముందు కుడిచేయి వెనక్కి పోనిచ్చి, నడుము దగ్గర గాలిలో ఏదో అందుకున్నట్టు అందుకుని, చుట్టూ తిప్పి ముందుకు తెచ్చి, ఎడమవైపు బొడ్డు పక్కన స్వెట్టరు మీదే దోపి, అరచేత్తో అక్కడ చిన్నగా తట్టింది. తర్వాత పిండి కలపసాగింది. దోపడానికి అక్కడ ఏమీ లేదు. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి చీర కట్టింది లేదు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు, ఆవిడ ఒంటిమీద చీర కనబడేది క్రిస్మస్ ఆరాధనకు, ఎవరిదైనా పెళ్ళికి మాత్రమే. మరి ఆ పిల్ల దోపుకున్న కొంగు ఎవరిది?

అది చెప్పాలంటే మా అక్క గురించి చెప్పాలి. అక్క గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. నాకంటే బాగా పెద్దది. అమ్మ పొలం పనికి పోతే నన్ను చంకనేసుకుని పెంచింది. మా వీధి చివర రైలు గేటు ఉండేది. పొద్దున్నే "ఏమేవ్! ఎండ మంచమెక్కింది, ఇంకా దుప్పట్లోనేనా?" అని ఆమె నన్ను లేపితే గేటు దగ్గర ఆగిన బండివాళ్ళు కూడా నవ్వేవాళ్ళని చెప్పేవారు. నేను మాటలు నేర్చుకున్నది ఆ గొంతు చూసే. ఆమె ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీసేదాన్ని, ఎక్కడ విరిస్తే అక్కడ విరిచేదాన్ని. కాస్త ఎదిగాక ఆమెను ఏడిపించడానికి అచ్చం ఆమెలాగే మాట్లాడి చూపించేదాన్ని. "దొంగముండా, నన్ను నాకే అప్పజెప్తన్నావా!" అని వెంటపడేది. తర్వాత రోజుల్లో, ముహూర్తాల మీదా జాతకాల మీదా నేను మాట్లాడుతుంటే మైకు అక్కర్లేకుండా ఆఖరి వరుసదాకా వినబడేదని అందరూ నా గొంతును మెచ్చుకున్నారు. అది నా గొంతు కాదు, అక్కది.

పెళ్ళి నన్ను లండన్ తెచ్చింది. స్టాన్‌మోర్‌లో స్థిరపడ్డాం, నేను లైబ్రరీలో పనిచేశాను. వచ్చిన కొత్తలో నేను చేసినదంతా అనుకరణే. వరుసలో ఎంత ఎడంగా నిలబడాలో ముందున్నవాళ్ళను చూసి నిలబడ్డాను. నా కాలు ఎవరో తొక్కితే నేనే సారీ చెప్పడం కూడా చూసే నేర్చుకున్నాను. కొత్త మందలోకి వచ్చిన ఏ జంతువైనా అదే చేస్తుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ తీరిక దొరికినప్పుడల్లా పక్షుల గురించీ కోతుల గురించీ చదివే అలవాటు అక్కడే పట్టుకుంది. ఈ దేశంలో ఒకప్పుడు గుమ్మాల ముందు పాలసీసాలు పెట్టి వెళ్ళేవారట. చిన్న పిట్టలు వాటి రేకు మూతలు పొడిచి పైన తేలిన మీగడ తాగడం మొదలుపెడితే, ఊరూరా పిట్టలన్నీ అదే పని చేశాయట. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయని అందరూ మురిసిపోయారు. తరువాత కొందరు తొందరపడకండి అన్నారు. చూసి పొడవడం నేర్చుకున్నాయో, లేక ఇంకో పిట్ట తాగి వదిలిన సీసా కనబడితే మిగతా సంగతి వాటంతట అవే కనుక్కున్నాయో తేల్చాలన్నారు. ఆ సందేహించినవాళ్ళంటే నాకు ప్రాణం. పిట్టను కూడా నమ్మేముందు ప్రశ్నించడం కంటే గొప్ప సంస్కారం ఏముంది?

కోతి చేష్టలని మనం కోతిని ఆడిపోసుకుంటాం గానీ, అనుకరణలో అసలు కోతి మనమే. పెట్టెలోంచి తినేది తీసి చూపిస్తూ మధ్యలో పనికిరాని చేష్ట ఒకటి, మూతమీద పుల్లతో కొట్టడం లాంటిది చేశారనుకోండి. చింపాంజీ ఆ చేష్ట అక్కర్లేదని కనిపెడితే దాన్ని వదిలేసి తిండి తీసుకుంటుంది. మనిషి బిడ్డ మాత్రం ఆ కొట్టడం కూడా పొల్లుపోకుండా కొట్టి అప్పుడు తీస్తుంది. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు పండగే. మన తంతులన్నిటికీ ఇదే కదా మూలం, పెద్దలు పుల్లతో కొట్టారు కాబట్టి మనమూ కొడుతున్నాం అని ఎన్ని వ్యాసాలు రాశానో! ఆ వ్యాసాల్లో ఒక్కమాట కూడా ఇవాళ వెనక్కి తీసుకోను. కానీ వాటిలో చెప్పనిది ఒకటి మిగిలిపోయింది, దానికోసమే ఇదంతా.

మా మనవరాలు 2008లో రీడింగులో పుట్టింది. మన ఇళ్ళలో చంటిపిల్లకు పెట్టే మొదటి పరీక్షలన్నీ అనుకరణ పరీక్షలే కదా. చప్పట్లు కొట్టు, టాటా చెప్పు, తాతకు దణ్ణం పెట్టు, ఏనుగు ఎలా ఊగుతుంది? వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు, పిల్ల చేస్తే ఇల్లంతా కేరింతలు. ఈ పిల్ల ఏదీ చేయలేదు. రెండేళ్ళు దాటినా చేయి ఊపలేదు, మన వేలు చూపించినవైపు చూడలేదు, ఒక్క మాటా పలకలేదు. టేక్‌అవే డబ్బాల మూతలు నేలమీద వరుసగా పేర్చి, ఒక్కోదాన్ని గిర్రున తిప్పి, అది పడిపోయేదాకా చూస్తూ ఉండేది. చంటిపిల్లల ఆరోగ్యం చూడటానికి ఇంటికొచ్చే హెల్త్ విజిటర్ చూసి, జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టరుకు రాసి, స్పీచ్ థెరపీకి పేరు పంపింది. మీ వంతు వచ్చేదాకా ఆగాలన్నారు. ఆ ఆగడంలోనే ఉంది నరకమంతా. ఏమీ చేయకుండా ఆగడం తల్లిదండ్రులకు చేతకాదు.

2011 వసంతంలో అక్క వచ్చింది, విజిటర్ వీసా మీద, ఆరు నెలలకు. బావ పోయాక అదే ఆమె మొదటి ప్రయాణం. ఆమెకున్న కోరిక ఒక్కటే, మనవరాలు తనను నానమ్మా అని పిలవాలి. మాంచెస్టరూ చూడక్కర్లేదు, లండన్ వంతెనా చూడక్కర్లేదు. "ఒక్కసారి పిలిపించుకుని పోతానే, ఇంకేమీ అడగను" అని విమానం దిగిన రోజే నాతో అంది. వచ్చిన దగ్గరనుంచీ పిల్ల వెనకాలే తిరుగుతూ, తెనాలి సంగతులన్నీ ఆ చెవిలో పోసేది. పక్కింటి ముసలి దొరగారు కంచె మీదుగా, మీ ఇంట్లో రేడియో భలే హుషారుగా ఉంటుందని కోడలితో అన్నాడట.

అలాంటి ఇంట్లో, తెలుగువాళ్ళు ఎవరి వంట వాళ్ళు తెచ్చుకుని కలిసి తినే ఒక శనివారం మధ్యాహ్నం, సంగతంతా తిరగబడింది. నేనూ ఉన్నాను. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి, ఆఫీసులో మా అక్క కొడుకుకు తెలిసినవాళ్ళు. ఆయన బిర్యానీ ప్లేటు పట్టుకుని పిల్లను కాసేపు చూసి, చాలా ప్రేమగానే అన్నాడు. "మా బాబు గూడ గిట్లనే ఉండె బ్రదర్. టూ లాంగ్వేజెస్ అయితే పోరలు కన్ఫ్యూజ్ అయితరు. ఇంట్ల తెలుగు బంద్ జేసినం. ఇగ జూడు, త్రీ మంత్స్‌ల మాటలే మాటలు, ఆపితే ఆగుతలేడు." మరి మీకెవరు చెప్పారని నేను అడిగాను. వాళ్ళకు పక్క ఊరు స్లవ్‌లో ఉండే ఒకాయన చెప్పాడట, ఆయనకు ఇంకెవరో చెప్పారట. అందరూ ఒకరిని చూసి ఒకరు బంద్ చేసినవాళ్ళే. చెప్పిన డాక్టరు ఎవరంటే ఒక్క పేరూ లేదు.

నేను ఊరుకోలేదు. "ఆ మూడు నెలలూ మీ బాబు పళ్ళు కూడా తోముకుని ఉంటాడుగా, మాటలు పళ్ళపొడివల్ల వచ్చాయేమో చూశారా?" అన్నాను. ఆయన భార్య గట్టిగా నవ్వేసింది గానీ, ఆయన మొహం చిన్నబుచ్చుకుని "ఆంటీ, మీరు అన్నిట్ల డిబేట్ పెడ్తరు" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక అక్క కొడుకు కూడా అదే మాట అన్నాడు. "పిన్నీ, నువ్వు గెలుస్తావు, నాకు తెలుసు. కానీ నా కూతురు మాట్లాడట్లేదు. పనిచేస్తే మంచిదే, లేకపోతే పోయేదేముంది?" ఆ "పోయేదేముంది" అనే ప్రశ్నకు నా దగ్గర ఆ రోజు సమాధానం లేదు. తాయెత్తు కట్టేవాళ్ళు కూడా సరిగ్గా అదే అడుగుతారని మాత్రం చెప్పాను. వాడు వినలేదు. భయంలో ఉన్నవాడికి తర్కం చెవికెక్కదు, వాణ్ణి నేను తప్పుపట్టను.

ఇంట్లో తెలుగు ఆపితే ఎవరి నోరు మూతపడుతుందో ఎవరూ పైకి అనలేదు. అక్కకు వచ్చిన ఇంగ్లీషు బస్సు, సబ్బు దగ్గరే ఆగిపోయింది. కొడుకు చెప్పలేక పైకి వెళ్ళిపోయాడు. కోడలే వంటింట్లో అంట్లు తోముతూ, వెనక్కి తిరగకుండా, "అత్తయ్యా, దాని ముందు కొన్నాళ్ళు... తెలుగు వద్దని... మీకు కష్టమని తెలుసు, ప్లీజ్" అంది. అక్క వెంటనే అంది, "దానికేముందమ్మా, నోరు మూసుకుని కూర్చోవడం కూడా ఒక పనేనా? ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు గానీ." అని నవ్వింది. నేను నోరు తెరవబోతే నా మోచేయి గిల్లి, "నువ్వు వాదించకే. నా మనవరాలు. నా నోరు" అంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రేడియో ఆగిపోయింది. పిల్ల నిద్రపోయాక గుసగుసగా మాట్లాడేది, పిల్ల లేస్తే పెదవులు బిగించేది. పిలవాల్సివస్తే చప్పట్లు కొట్టేది, వద్దనాల్సివస్తే తల అడ్డంగా ఊపేది. నేను ఆదివారం ఆదివారం పాడింగ్టన్‌లో రైలెక్కి వెళ్ళి ఆమెను థేమ్స్ గట్టుమీదికి నడకకు తీసుకెళ్ళేదాన్ని. వారం మాటలన్నీ అక్కడ దోసిళ్ళతో గుమ్మరించేది, బాతులు కూడా తిరిగి చూసేవి. మళ్ళీ ఇంటి మలుపు తిరగగానే ఆమె నోరు దానంతటదే మూతపడేది. అది చూసినప్పుడల్లా నాకు ఎవరినైనా కొట్టాలనిపించేది. ఎవరినని?

నోరు పోతే మనిషికి చేతులు మిగులుతాయి. ఏం తోచక అక్క పిల్ల పక్కన నేలమీద చతికిలబడి, తనూ ఒక మూత తీసుకుని తిప్పడం మొదలుపెట్టింది. పిల్ల తిప్పితే తిప్పేది, ఆపితే ఆపేది. పిల్ల మూతతో నేలమీద టకటక కొడితే ఈమె కూడా కొట్టేది. పిల్ల పక్కకు వాలితే ఈమె మోకాళ్ళ నొప్పులతోనే పక్కకు వాలేది. అందరూ ఆ పిల్లను మమ్మల్ని చూసి చెయ్యి అంటుంటే, ఈమె ఒక్కతే పిల్లను చూసి చేసింది. ఏదో కనిపెట్టి కాదు, ఇంకేం చేయాలో తెలియక. కొన్ని వారాలకు పిల్ల మూత తిప్పబోయి ఆగి, ఓరకంట ఈమెవైపు చూడటం మొదలైంది. ఈమె కూడా ఆగిందా లేదా అని. ఆగితే పెదవి చివర ఒక ముడత పడేది. దాన్ని నవ్వు అనడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు.

వేసవి ముదిరిన ఒక ఆదివారం నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. అక్క చేపల పులుసు పెట్టడానికి నేలమీదనుంచి లేచింది. ఏ పనికి దిగినా ముందు ఆమెకొక తంతు ఉండేది. కుడిచేత్తో వెనకనుంచి కొంగు లాగి, నడుము చుట్టి, ఎడమపక్కన దోపి, జారదు కదా అన్నట్టు అక్కడ చిన్నగా తట్టేది. ఆ తట్టడం అక్కర్లేదు. దోపిన కొంగు తట్టకపోయినా నిలుస్తుంది. చిన్నప్పటినుంచీ నేను దాన్ని వెక్కిరిస్తూనే ఉన్నాను. ఆమె అలా తట్టి పొయ్యివైపు తిరిగింది. వెనకాల పిల్ల లేచి నిలబడింది. బనీను, నిక్కరు వేసుకుని ఉంది. కుడిచేయి వెనక్కి పోనిచ్చింది, ముందుకు తెచ్చింది, బొజ్జమీద దోపింది, తట్టింది.

నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చి ఉండాలి, అక్క వెనక్కి తిరిగింది. ఆమె కొంగు విప్పేసి మళ్ళీ మెల్లగా దోపి తట్టింది. పిల్ల మళ్ళీ చేసింది. రెండేళ్ళ నుంచి ఇల్లంతా, వీధంతా, డాక్టర్లంతా ఎదురుచూసిన మొట్టమొదటి అనుకరణ అది, టాటా కాదు, దణ్ణం కాదు. నేను అరవబోతే అక్క వేలు పెదవుల మీద పెట్టి నన్ను ఆపింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు పులుసు చట్టి మీదికి కారుతున్నాయి, నోరు మాత్రం విప్పలేదు. ఇచ్చిన మాట అది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన కోడలికి చూపిస్తే, కోటు కూడా విప్పకుండా నేలమీద కూర్చుని, "అందరికీ బైబై చెప్పే పిల్లలు పుడతారు, నాకు మా అత్తగారు పుట్టింది" అని నవ్వుతూ ఏడ్చింది.

అక్టోబరులో వీసా అయిపోయింది. హీత్రూ విమానాశ్రయంలో తోపుడుబండిలో కూర్చున్న పిల్ల ముందు అందరం చేతులూపుతూ టాటాలు చెప్పాం. పిల్ల పైకప్పు దీపాలవైపు చూస్తూ ఉండిపోయింది. అక్క వంగి దాని తలమీద ముద్దుపెట్టుకుని, నావైపు తిరిగి, "వచ్చే ఏడాది వస్తాగా, అప్పటికి పిలుస్తుందిలే" అని గొణిగి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

థెరపిస్టు వంతు ఆ చలికాలంలో వచ్చింది. మంచి మనిషి. పిల్లతో నేలమీద కూర్చుని చాలాసేపు ఆడి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని మామూలుగా అడిగింది. తెలుగు పూర్తిగా ఆపేశామని మా అక్క కొడుకు కాస్త గర్వంగానే చెప్పాడు. ఆమె కలం ఆగింది. ఎవరు ఆపమన్నారని మెల్లగా అడిగింది. తెలిసినవాళ్ళని వాడన్నాడు. రెండు భాషలు వింటే పిల్లలకు నష్టమేమీ లేదని, మీకు మనసారా వచ్చిన భాషలోనే పిల్లతో మాట్లాడండని ఆమె చెప్పింది. తర్వాత ఆటిజం అన్న పేరు కూడా వచ్చింది. అది భాషవల్ల వచ్చింది కాదు, భాష ఆపితే పోయేదీ కాదు. ఇక్కడ నేను నిజాయితీగా ఉండాలి. అక్క ఆరు నెలలూ నోరారా మాట్లాడి ఉన్నా ఆ పిల్ల అప్పుడు నానమ్మా అని ఉండేది కాదేమో. పోయింది ఆ పిలుపు కాదు. పోయింది గొంతు. "పోయేదేముంది" అన్న ప్రశ్నకు జవాబు అదీ, ఆలస్యంగా దొరికింది.

ఎలా పోయిందో చెబుతాను. థెరపిస్టు మాట విన్నాక వాళ్ళు వెంటనే తెనాలికి స్కైప్ కలిపారు. అక్క పక్కింటివాళ్ళ కంప్యూటరు ముందు కూర్చుంది. ఇక మాట్లాడవచ్చమ్మా అని కొడుకు చెప్పగానే, ఆగిన రేడియో ఒక్కసారి మోగినట్టు, "నా బంగారమే! నా తల్లే! ఇటు చూడవే, నానమ్మనే!" అని అందుకుంది. పిల్ల రెండు చెవులూ మూసుకుని సోఫా వెనక్కి పరిగెత్తింది. దానికి తెలిసిన నానమ్మ మాట్లాడదు. తెరమీద బొమ్మ నానమ్మదే, గొంతు మాత్రం ఎవరో పరాయిమనిషిది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ చెవులు మూసుకుంది. కోడలు, "వాల్యూమ్ తగ్గిస్తానత్తయ్యా, మీరు మాట్లాడండి" అంటూనే ఉంది. అక్క కాసేపు తెరలోంచి ఖాళీ సోఫావైపు చూసింది. నోరు మూసుకుంది. లేచి నిలబడి, కొంచెం వెనక్కి జరిగి, కొంగు లాగి, నడుము చుట్టి, దోపి, తట్టింది. సోఫా వెనకనుంచి పిల్ల తల బయటికొచ్చింది. తెర దగ్గరికి నడిచివచ్చి, తనూ దోపి తట్టింది.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు స్కైప్ కలిపినా అంతే. మాట్లాడే స్వేచ్ఛ వచ్చాక కూడా, మనవరాలు గుర్తుపట్టడం కోసం మా అక్క మూగదానిలాగే కూర్చుంది. మెల్లమెల్లగా మాట అలవాటు చేద్దాం, వచ్చే ప్రయాణంలో ఒక్కో పదం చెప్పమని థెరపిస్టు అంది. ఆ ప్రయాణం జరగలేదు. 2012 మొదట్లో గుండె ఆగి అక్క వెళ్ళిపోయింది. నేను వెళ్ళి అన్నీ చూసి, ఏ తంతూ లేకుండా సాగనంపి వచ్చాను, ఆమె కోరిందీ అదే. ఇల్లు సర్దుతూ ఆమె గొంతు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఫొటోలున్నాయి, కొడుకు పెళ్ళి వీడియో ఉంది. అందులో ఆమె వడ్డిస్తూ నాలుగుచోట్ల కనబడుతుంది, ఆమె మాట మీద మేళం మోగుతూ ఉంటుంది.

ఇక ఆ ఆదివారానికి వస్తాను, ఆ చేష్ట పిల్లలో ఇంకా మిగిలి ఉందని నేను గమనించింది ఆ రోజే. పిల్లకు అప్పటికి మాటలు బాగానే వచ్చాయి. రీడింగు యాసలో చక్కటి ఇంగ్లీషు, తెలుగు మాత్రం అర్థమవుతుంది, పలకదు. సెప్టెంబరులో పెద్ద బడిలో చేరింది. అక్కడ ఏ పని మొదలుపెట్టినా, లాబ్‌లో గానీ ఆటలో గానీ, నడుము దగ్గర లేని కొంగు దోపి తడుతుందట. తోటిపిల్లలు దాన్ని పట్టుకున్నారు. ఈ పిల్ల కనబడగానే వరుసగా నిలబడి అందరూ ఒకేసారి దోపి తట్టి నవ్వుతున్నారట. అనుకరణ ప్రేమకు ఎంత పనికొస్తుందో హింసకూ అంతే పనికొస్తుంది. ఆ రెండూ నేను ఒకే చేష్టలో చూశాను. బడికి వెళ్ళనని పిల్ల మొండికేస్తోంది. పిల్ల కేకు పొయ్యిలో పెట్టి పైకి వెళ్ళాక కోడలు నా ఎదురుగా కూర్చుని, "మీరే చెప్పండి చిన్నత్తయ్యా. అర్థంలేని అలవాట్లు మానమని లోకమంతా చెప్పారు కదా. దీన్ని మానమని దానికి చెప్పండి. మీ మాట వింటుంది" అంది.

ఏం చెప్పను? వ్యర్థమైన చేష్టే. ఏ పనీ చేయదు. పుల్లతో మూత కొట్టడం లాంటిదే. చింపాంజీ అయితే ఎప్పుడో వదిలేసేది. నా వ్యాసాలన్నిటి ప్రకారం ఆ పిల్ల దాన్ని వదిలేయాలి. నేను పైకి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది. బడి సంగతి ఎత్తలేదు. నువ్వు నడుము దగ్గర చేసేది ఏమిటో తెలుసా అని తెలుగులోనే అడిగాను. తెలియదని భుజాలెగరేసింది, "ఐ జస్ట్ డు ఇట్. ఇట్స్ వియర్డ్, ఐ నో." అప్పుడు చెప్పాను, అది నీది కాదు, మీ నానమ్మదని. చీర అంటే ఇలా ఉంటుందని, కొంగు ఇక్కడినుంచి ఇలా వస్తుందని, మూతలు తిప్పేదని, పులుసు పెట్టేదని, మొత్తం చెప్పాను. మానాలో వద్దో నువ్వే తేల్చుకో, కానీ ఎందుకు చేస్తున్నావో తెలిసి తేల్చుకో అన్నాను. హేతువాదమంటే అంతకంటే ఏముంది?

తన నడుమువైపు చూసుకుంది. తర్వాత అడిగింది, "వాట్ డిడ్ షీ సౌండ్ లైక్?"

చెప్పడానికి నోరు తెరిచాను, గొంతు ఎలా ఉండేదో మాటల్లో ఎవరు చెప్పగలరు? అప్పుడు గుర్తొచ్చింది. నాకది వచ్చు. చిన్నప్పుడు ఆమెను ఏడిపించడానికి నేర్చుకున్నది, సభల్లో వాడుకుని నాదే అనుకున్నది. కూర్చున్నచోటే వీపు నిటారుగా పెట్టి, రైలు గేటుదాకా వినబడేలా, "ఏమేవ్! ఎండ మంచమెక్కింది, ఇంకా దుప్పట్లోనేనా?" అన్నాను. కింద కోడలు చేతిలోంచి ఏదో జారిపడింది. ముసలి గొంతు చివర్లో చీలింది గానీ, అది అక్కే. పిల్ల ఈసారి చెవులు మూసుకోలేదు. కళ్ళార్పకుండా నా నోటివైపే చూసింది. ఎప్పుడో ఆ మూతలవైపు చూసినట్టు. తర్వాత, ఆ రీడింగు యాసలోనే, ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసి, "ఏమేవ్" అంది. మళ్ళీ అంది. దోపుకుని, తట్టుకుని, కేకు చూడటానికి కిందికి వెళ్ళింది.

అలవాటు మానిందో లేదో నాకింకా తెలియదు. మా కాలంలో ఒక ఇంట్లో ఒక మనిషి పోతే ఆ మనిషి దగ్గు, ఆ మనిషి కేక పిల్లల గొంతుల్లో ఇంకొన్నాళ్ళు తిరుగుతూ ఉండేవి, ఎవరూ దాచిపెట్టకుండానే. ఇప్పుడు గొంతు పట్టే యంత్రం ప్రతి చేతిలోనూ ఉంది, పట్టడానికి ఇంట్లో గొంతులే వినబడటం లేదు. పిల్ల మంచికోసమని ఎవరో చెప్పారని, వాళ్ళకు ఇంకెవరో చెప్పారని, ఒకరిని చూసి ఒకరం పెద్దవాళ్ళ నోళ్ళు మూయించాం, ఆ పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ నవ్వుతూ మూసుకున్నారు.

కాబట్టి ఇక చదివింది చాలు. మీ ఇంట్లో అలా మూసుకున్న నోరు ఏదైనా ఉంటే, ఆ మూయించిన మాట ఎవరు చెప్పారో, ఏ ఆధారంతో చెప్పారో ఇప్పుడే అడగండి. ఆధారం లేకపోతే ఈ పూటే లేచి వెళ్ళి, పిల్లను పక్కన కూర్చోబెట్టి, ఆ నోరు తెరిపించండి.